పిచ్చర్‌కి మూడంగల వెనక

హాల్వర్ గ్రోవ్, మిన్నెసోటా
1991 మే 10, శుక్రవారం

సిగ్నే అక్కకి,

ఈ వేసవంతా ప్రతి గురువారం నేను నా కూతురికి మూడంగల దూరంలో నిలబడబోతున్నానక్కా. ముందు ఆ మాట రాసేశాను, ఇక మిగతాది నిదానంగా రాస్తాను. నువ్వూ బావా క్షేమమని తలుస్తాను. నేను క్షేమం. క్షేమమన్న మాట చాలదు, నిన్న సాయంత్రం నుంచి కాలు నేల మీద నిలవడం లేదు.

జరిగింది చెప్తాను. క్లిఫర్డ్ చలికాలంలో పోయాడని రాశాను. ఇరవై రెండేళ్ళు ఈ ఊరి సాఫ్ట్‌బాల్ ఆటలకి మేమిద్దరమే అంపైర్లం. వాడు బ్యాటరు వెనక బంతి పట్టే క్యాచర్ వెనక, నేను పరిగెత్తేవాళ్ళు తాకాల్సిన బేసుల దగ్గర. వాడి చోటికి ఇంకొకర్ని వెతుకుతానని డెల్‌బర్ట్ అన్నాడు. ఇనప సామాన్ల కొట్టు డెల్‌బర్ట్, ఏ రోజు ఎవరెవరికి ఆట ఉందో రాసిపెట్టేది అతనే. ఎవరూ దొరకలేదు. ఊరికే తిట్లు తినడానికి ఎవరొస్తారు. కనక ఈ ఏడు నేనొక్కణ్ణే.

ఒక్కడే అంపైరైతే క్యాచర్ వెనక వంగి నిలబడాలి, అది చిన్నపిల్లలకీ తెలుసు. నా మోకాలు వంగిందంటే మళ్ళీ లేవదు. అందుకని ఏప్రిల్ మీటింగులో లేచి చెప్పేశాను, నేను మైదానం నడుమ, బంతి వేసే పిచ్చర్ వెనక నిలబడతాను, బంతీ కనపడుతుంది, బేసులూ కనపడతాయి, ఇష్టమైతే ఉంచుకోండి, లేకపోతే మానెయ్యండి అని. అందరూ నవ్వారు. టైర్ల షాపు జట్టు కెప్టెనైతే, "అక్కడ నిలబడితే ఈ ఏడు మొక్కజొన్నకి దిష్టిబొమ్మ ఖర్చు కలిసొస్తుంది ఆర్విడ్" అన్నాడు. నవ్వితే నవ్వారు, ఒప్పుకున్నారు.

నిన్న డెల్‌బర్ట్ జట్ల జాబితా చేతికిచ్చాడు. పశువుల ఆస్పత్రి జట్టులో పిచ్చర్ అన్నచోట మార్నా లిండల్ అని ఉంది. అక్కా, పదేళ్ళుగా నా కూతురు ఎడమవైపు కొసన, కంచె దగ్గర ఆడేది. అంత దూరం నుంచి నాకు వేలెడంత కనపడేది. ఈ ఏడు పిచ్చర్. ఎవరు మార్చారో, ఏ దేవుడు మార్చాడో, నేను మాత్రం కాదు. అది చదివి అక్కడే మేకుల పీపా మీద కూర్చుండిపోయాను. డెల్‌బర్ట్ కంగారుపడి మంచినీళ్ళు తెచ్చాడు.

ఆరేళ్ళక్కా. వాళ్ళమ్మ ఆర్లిస్ చనిపోయిన ఆ మార్చి నుంచి మార్నా నాతో ఒక్క మాట ఆడలేదు. ఊరు చూస్తే తొమ్మిదివందల గడప కూడా లేదు. చర్చిలో నేను కుడివైపు, అది ఎడమవైపు. కిరాణా కొట్లో నేను రొట్టెల దగ్గరుంటే అది పాల దగ్గరే ఆగిపోతుంది, నేను డబ్బిచ్చి వెళ్ళేదాకా. ఆ సామాన్ల సంగతి మళ్ళీ రాయను. మంచికే చేశాను, అయిపోయింది.

ఇప్పుడు చూడు. అంపైరన్నవాడు నోరు మూసుకుని నిలబడలేడు. ప్రతి బంతికీ, సరిగ్గా పడితే స్ట్రైక్ అనో, తప్పి పడితే బాల్ అనో అరవాలి. ఆటకి వందసార్లయినా అరుస్తాను. ఆ వందా దాని వీపు వెనకే. వినకుండా ఎక్కడికి పోతుంది. జులై నాలుగు పండగ తీసేస్తే పద్నాలుగు గురువారాలు, లెక్కపెట్టాను.

నీ తమ్ముడు,
ఆర్విడ్


స్పోకేన్, వాషింగ్టన్
మే 19

తమ్ముడు ఆర్విడ్‌కి,

నీ ఉత్తరం మీ బావ ఓట్టోకి చదివి వినిపించాను. "మంచిదే, మంచిదే" అన్నారు. రెండో మంచిదే నిద్రలో అన్నారు. నా తుంటి ఆపరేషన్ జూన్ మూడున ఖాయమైంది. ఎడమది.

నీ సంతోషం చూసి నాకూ సంతోషమే. కానీ స్ట్రైక్, బాల్ అనేవి మాటలు కావురా. రైలు స్టేషన్లో గంట కొట్టేవాడు నేను ప్రయాణికులందరితో మాట్లాడుతున్నానని అనుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంది నీ లెక్క.

సామాన్ల సంగతి అయిపోయిందని రాశావు. అయిపోయింది నీకు. పెళ్ళాం పోయిన రెండు వారాలకే ఆవిడ బట్టలూ, కుట్టుమిషనూ, వంటలు రాసుకున్న డబ్బా, సమస్తం చర్చి ఆడవాళ్ళ పాతసామాన్ల అమ్మకానికి ఎత్తించావు. పిల్ల ఆదివారం వచ్చి తలుపు తీస్తే బీరువాలో ఖాళీ హేంగర్లు ఊగుతున్నాయి. ఆ నెలలోనే పోస్టాఫీసు వరసలో తన ముందు నిలబడ్డావిడ ఒంటి మీద వాళ్ళమ్మ నీలం కోటు చూసింది. ఆ వీపు వెనకే నిలబడి, తన వంతు వచ్చాక స్టాంపులు కొనుక్కుని ఇంటికెళ్ళింది. ఇది నాకు ఎవరు చెప్పారన్నది వదిలెయ్.

ఒకటే చెప్తున్నాను. దాని వెనక కుదురుగా నిలబడు. ముక్కు చీదకు. వానొస్తే టోపీ పెట్టుకో.

సిగ్నే


హాల్వర్ గ్రోవ్
జూన్ 14, శుక్రవారం

సిగ్నే అక్కకి,

చూసిందక్కా, నన్ను చూసింది. ముఖంలో ముఖం పెట్టి చూసింది. నిన్న సాయంత్రం, ఆరో ఇన్నింగ్సులో, అందరూ ఉండగా.

మొదట్నుంచీ రాస్తాను. ఐదు గురువారాలు అయ్యాయి. నా కూతురి వీపు ఇప్పుడు ఈ ఊళ్ళో నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. ఎడమ భుజం కాస్త దిగి ఉంటుంది, బరువు దూడల్ని ఎత్తీ ఎత్తీ అలా అయిందేమో. బంతి వేసేముందు దాన్ని తొడకి రెండుసార్లు రుద్దుతుంది. జుట్టు పైకెత్తి కడుతుంది, మెడ మీద చెమట పడితే చేత్తో కాదు, భుజంతో తుడుచుకుంటుంది. ఆర్లిస్ అంట్లు తోమేటప్పుడు అచ్చం అలాగే చేసేది, చేతులు నురగలో ఉంటాయి కనక. దాని చేతికి నురగ లేదు, తోలు తొడుగు ఉంది. అంతే తేడా. మొదటి గురువారం అది చూసి స్ట్రైక్ అనడం మర్చిపోయాను. బ్యాట్ పట్టుకున్నావిడే, "ఏదో ఒకటి చెప్పండి తాతా, చలికాలం వచ్చేస్తుంది" అంది.

ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ నడుమ నిలబడ్డం అనుకున్నట్టు లేదు. క్యాచర్ వెనకైతే క్యాచర్‌తో ఓ ముక్క ఎండ గురించో దోమల గురించో అనుకుంటారు. ఇక్కడ ఎవరూ ఉండరు. ఇన్నింగ్సు అయ్యాక రెండు జట్లూ తమ తమ బల్లల మీదకి పోతారు, నీళ్ళు తాగుతారు, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వుకుంటారు. నేను ఆ గడ్డి నడుమ మేకులా ఉండిపోతాను. ఆటయ్యాక వాళ్ళందరూ లక్కీస్‌కి బీరుకి పోతారు. అంపైరు వెళ్ళకూడదు, అది పాత ఆచారం, ఎవరితో తాగితే వాళ్ళవైపు అంటారు. క్లిఫర్డూ నేనూ అందుకే కెఫేలో పళ్ళు కూరి కాల్చిన 'పై' చెరో ముక్క తినేవాళ్ళం. మొన్న నేనొక్కణ్ణే కూర్చుంటే అక్కడ వడ్డించే పిల్ల అలవాటుకొద్దీ రెండు పళ్ళేలు తెచ్చి పెట్టింది. వెనక్కి పంపడానికి నోరు రాలేదు. రెండూ తిన్నాను. రెండోది దిగలేదు.

ఇక నిన్నటి సంగతి. నా కూతురని దానివైపు చెప్తున్నానన్న మాట నా మీద రాకూడదు. ఇరవై రెండేళ్ళ పేరక్కా. అందుకని అంచు మీద పడ్డ బంతి ఏదైనా, మార్నా వేసిందైతే బాల్ అంటున్నాను. వాళ్ళ క్యాచర్ డోరీన్ మొన్నటికి మొన్న, "ఇంకెంత నడుమ వెయ్యాలి ఆర్విడ్ గారూ, తెచ్చి చేతిలో పెట్టాలా" అని దెప్పింది. నిన్న మూడు బాళ్ళు, రెండు స్ట్రైకులు అయి ఉన్నాయి. మార్నా ఎత్తుగా వేసింది, చక్కగా దిగింది. నేను బాల్ అన్నాను. నాలుగో బాల్ కనక బ్యాటరు ఊరికే నడుచుకుంటూ ఫస్ట్ బేసుకి పోయింది. అప్పుడు తిరిగిందక్కా. బంతి తొడుగులో పెట్టుకుని ఒళ్ళంతా ఇటు తిప్పి నన్ను చూసింది. కోపమే. కాదనను. కానీ ఆ కోపం నా మీదే, ఇంకెవరి మీదో కాదు. ఆరేళ్ళ తర్వాత నా కూతురి కళ్ళు రెండూ నిండుగా నాకొచ్చాయి. అలా పది లెక్కపెట్టేంతసేపు ఉందేమో.

ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుని ఈల వేశాను. ఆర్లిస్ పోయాక ఈ ఇంట్లో ఈల వినపడడం ఇదే.

ఆర్విడ్


స్పోకేన్
జూన్ 26

ఆర్విడ్‌కి,

మంచం మీద నుంచి రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో.

నువ్వు న్యాయంగా ఉండటం కోసం దానికి అన్యాయం చేస్తున్నావని నీకు నువ్వే రాసి పంపావు. రాసినవాడికే కనపడకపోతే చదివినదాన్ని నేనేం చెయ్యను. ఆ పేరు నీది, పోగొట్టుకుంటున్న స్ట్రైకులు దానివి. స్ట్రైకైతే స్ట్రైకను, బాలైతే బాలను. ఊళ్ళోవాళ్ళు ఏమనుకుంటారోనని ఇంకోసారి రాశావంటే ఉత్తరం తిప్పి పంపేస్తాను.

అది తిరిగి చూసినందుకు ఈల వేశావని చదివి ఓట్టో కళ్ళు తుడుచుకున్నారు. నేను తుడుచుకోలేదు. నాకు లేవడానికి మనిషి కావాలి.

సిగ్నే


హాల్వర్ గ్రోవ్
జులై 19, శుక్రవారం

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. ఉన్నదున్నట్టు చెప్తున్నాను. ఇప్పుడు ఎవరికీ ఫిర్యాదు లేదు, కనక ఎవరూ నావైపు చూడటం లేదు. మార్నా అసలే చూడదు. కోపమన్నా పోయింది.

వచ్చే ఏడు జిల్లా కేంద్రం నుంచి ఇద్దరు కుర్రాళ్ళని అంపైర్లుగా రప్పిస్తారట. డెల్‌బర్ట్ వచ్చి టోపీ చేతిలో పట్టుకుని చెప్పాడు. తప్పు నాది కాదట, మోకాలిదట. ఇంక ఐదు గురువారాలు. ఆ తర్వాత దాని దగ్గర నిలబడటానికి నాకు ఏ సాకూ ఉండదు. మళ్ళీ రొట్టెల దగ్గర నేను, పాల దగ్గర అది.

నిన్న ఎండ నిప్పులు చెరిగింది. నాలుగో ఇన్నింగ్సు అయ్యాక అందరూ నీడకి పోయారు. మార్నా మాత్రం పిచ్చర్ చోటు కాలితో సరిచేస్తూ ఒక్క క్షణం ఉండిపోయింది. మైదానంలో మేమిద్దరమే. ఏదైనా చెప్పాలి. చెప్పాను. "ఈ ఏడు నువ్వు బాగా వేస్తున్నావు, కానీ మోచెయ్యి ఇంకాస్త లోపలికి పెట్టాలి" అన్నాను. కాలితో సరిచేయడం ఆపింది. బంతి అక్కడే కింద పెట్టి బల్లవైపు వెళ్ళిపోయింది.

ఎంత పొరపాటో అప్పుడే తెలిసింది. ఆరేళ్ళు దాచుకున్న మొదటి మాట మోచేతి మీద ఖర్చుపెట్టాను.

జులై నాలుగు పండగకి పార్కులో కూర్చోలేదు. పొయ్యిలో టిన్ను బీన్సూ బంగాళదుంపలూ వేసి హాట్‌డిష్ చేసుకున్నాను. నలుగురికి సరిపడా వచ్చింది, ఆర్లిస్ కొలతలే వస్తాయి చేతికి. నాలుగు రోజులు అదే తిన్నాను. వంటింట్లో రేడియో ఉంది కనక ఫరవాలేదు. మైదానం నడుమ రేడియో కూడా లేదు. పదిమంది చుట్టూ ఉండి, అందరి ముఖాలూ అటువైపే.

అంపైరు ఉన్నాడని ఎవరికీ గుర్తు రాకపోతే ఆట బాగా సాగినట్టు లెక్క అని క్లిఫర్డ్ అనేవాడు. అప్పుడది మెచ్చుకోలులా వినపడేది.

ఆర్విడ్


స్పోకేన్
ఆగస్టు 11

తమ్ముడూ,

నీ ఉత్తరాలు మూడూ ముందేసుకుని మళ్ళీ చదివాను. ఎందుకంటే చివరిది చదివాక నిన్ను తిట్టాలో ఓదార్చాలో తెలియలేదు. చదువుతుంటే ఒకటి దొరికింది. మూడు ఉత్తరాల్లోనూ నువ్వు నన్ను ఒక్కటి కూడా అడగలేదు. నా తుంటి కోసి ఇనుము పెట్టారు, నెల రోజులు మంచానపడ్డాను, రెండుసార్లు రాశాను కూడా. ఎలా ఉందక్కా అని ఒక్క ముక్క లేదు. నీకు ప్రేమ లేదనడం లేదు. నీకున్నంత ప్రేమ మన ఇంట్లో ఎవరికీ లేదు. చిన్నప్పుడు నాకు చలేస్తోందనుకుని నీ దుప్పటి కూడా నా మీద కప్పావు, నాకు ఉక్కపోస్తున్నా సరే. అడిగి ఉంటే చెప్పేదాన్ని.

ఇంకోటి. ఇది చెప్పకూడదు. ఆరేళ్ళు చెప్పలేదు, ఇప్పుడు డెబ్భై ఆరేళ్ళు వచ్చాయి, దాచి ఎక్కడికి పట్టుకుపోను. వాళ్ళమ్మ పోయిన దగ్గర్నుంచీ మార్నా ప్రతి ఆదివారం నాకు ఫోన్ చేస్తుంది. నిన్ను ఎప్పుడూ పేరు పెట్టి అడగదు. "అక్కడ్నుంచి ఏమైనా ఉత్తరం వచ్చిందా అత్తా" అంటుంది. వచ్చిందంటాను. "సరే" అంటుంది. నువ్వేం రాశావో నేను చెప్పను, తనేం చెప్పిందో నీకు రాయను. మీ ఇద్దరి మధ్యా నేను కూడా నడుమ నిలబడ్డ మేకునే.

పిచ్చర్‌గా దాన్ని ఏ దేవుడు మార్చాడోనని మేలో రాశావు. దేవుడు కాదురా. మీటింగులో నువ్వు ఎక్కడ నిలబడతానన్నావో ఊరంతా తెలిసిన వారానికి అదే వెళ్ళి పిచ్చర్‌గా వెయ్యమని వాళ్ళ జట్టుని అడిగిందట. పదేళ్ళు కంచె దగ్గర హాయిగా ఆడినది. ఎందుకే అని అడిగాను. మాట మార్చేసింది. నాకూ తెలియదు.

ఇంతకన్నా నేనేం చెయ్యలేను. కర్రతో వీధి చివరిదాకా నడుస్తున్నాను.

సిగ్నే


హాల్వర్ గ్రోవ్
ఆగస్టు 26, సోమవారం

సిగ్నే అక్కకి,

నిన్న మధ్యాహ్నం నేను నా కూతురింట్లో భోంచేశాను. నీ తుంటి ఎలా ఉందక్కా? మెట్లు ఎక్కగలుగుతున్నావా? కర్ర ఏ చేత్తో పట్టుకుంటున్నావు? బావ నీకు సాయం చేస్తున్నారా, లేక ఆయనకే నువ్వు చెయ్యాల్సి వస్తోందా? ఇవన్నీ జూన్‌లో అడగాల్సినవి. తప్పైంది. నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నాను, రాయి.

గురువారం ఆఖరి ఆట. పశువుల ఆస్పత్రికీ లూథరన్ చర్చికీ. గెలిచినవాళ్ళకి కప్పు. ఊరు సగం వచ్చింది. నీ ఉత్తరం జేబులో ఉంది, కానీ ఇది ఉత్తరం వల్ల జరిగిందని అనుకోకు. ఆ నిమిషాన అది జేబులో ఉన్న సంగతే గుర్తు లేదు.

ఆఖరి ఇన్నింగ్సు, ఇద్దరు అవుట్, ఇంకొకరు అవుటైతే ఆట అయిపోతుంది, మార్నా వాళ్ళు ఒక్క పరుగు ముందున్నారు. చర్చి జట్టు టీచరమ్మ లవోన్ సెకండ్ బేసు మీద ఉంది. బంతి కుడివైపు లోతుగా వెళ్ళింది. లవోన్ మూడో బేసు తిరిగి, పరుగు పూర్తయ్యే హోమ్ ప్లేటుకి పరిగెత్తింది. బంతి కూడా హోమ్‌కే వస్తోంది. వెనక కాపుకి మార్నా పరిగెత్తుకెళ్ళి క్యాచర్ వెనక నిలబడింది. నేను నా చోటు నుంచి బయల్దేరాను, మోకాలు సగందాకానే తెచ్చింది. లవోన్ జారింది, దుమ్ము లేచింది, డోరీన్ వంగి బంతి ఆమెకి తాకించింది. డోరీన్ వీపు ఎంతుంటుందో నీకు తెలియదు. నాకు ఆ వీపు తప్ప ఏమీ కనపడలేదు. చెయ్యి దానంతటదే లేచింది. అవుట్ అన్నాను.

ఆట అయిపోయింది. పశువుల ఆస్పత్రి వాళ్ళు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి ఎగురుతున్నారు, తొడుగులు గాల్లోకి పోయాయి. మార్నా ఎగరలేదు. ప్లేటు వెనక చేతులు వేలాడేసుకుని నావైపు చూస్తోంది. కోపం కాదక్కా. నేనేం చెయ్యబోతానో తనకి ముందే తెలిసినట్టు, తెలిసి అలిసిపోయినట్టు చూసింది.

మా పనిలో మొదటి పాఠం ఒకటుంది. లేచిన చెయ్యి దించకూడదు. ఒకసారి దించితే వచ్చే వారం నుంచి ఎవడూ మాట వినడు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ దించలేదని నేనూ క్లిఫర్డూ గొప్పగా చెప్పుకునేవాళ్ళం. చూడకుండా ఎన్నిసార్లు ఎత్తానో మాత్రం ఎవరికీ చెప్పుకోలేదు.

కుంటుతూ ప్లేటు దాకా వెళ్ళాను. అందరూ వినేట్టుగానే అడిగాను.

"మార్నా, నాకు కనపడలేదు. నువ్వేం చూశావు?"

డోరీన్ లేచి, "ఏయ్ మార్నా" అంది, బతిమాలుతున్నట్టు. మార్నా నా ముఖమే చూసింది. నిజంగా అడుగుతున్నానా, ఊరికే అడుగుతున్నానా అని వెతికింది. తర్వాత అంది.

"లవోన్ కాలే ముందు పడింది. డోరీన్ చెయ్యి తర్వాత తగిలింది."

నేను చెయ్యి దించేసి అవుట్ కాదు, సేఫ్ అన్నాను. ఇరువైపులా ఎంత గోల చేశారో రాయను. లెక్క సమానమైంది, తర్వాతి బ్యాటరు కొట్టిన బంతికి చర్చి వాళ్ళు గెలిచారు. కప్పు పోయింది. ఇంట్లో తండ్రీకూతుళ్ళకి పడకపోతే ఊరందరి కప్పూ ఎందుకు పోవాలని టైర్ల కెప్టెన్ అన్నాడు. నవ్వించడానికే అన్నాడు, ఎవరూ నవ్వలేదు. పశువుల ఆస్పత్రి వాళ్ళు లక్కీస్‌కి వెళ్ళిపోయారు. మార్నాని రమ్మనలేదు.

ఆఖరి ఆట కనక బేసులు పీకి ట్రక్కులో పెట్టాలి. నేను మూడోది పీకుతుంటే ఒకటో బేసు చంకలో పెట్టుకుని వస్తూ కనపడింది. ట్రక్కులో పడేసింది. వెళ్ళలేదు. ట్రక్కు తలుపు మీద చెయ్యి వేసి, నన్ను చూడకుండా అంది.

"నువ్వు ఇంతవరకూ నన్ను ఏదీ అడగలేదు నాన్నా."

"లేదు" అన్నాను.

"ఇవాళెందుకు అడిగావు?"

"నాకు తెలియలేదమ్మా."

"అప్పుడూ నీకు తెలియలేదు" అంది.

మంచికే చేశానన్నది నోటిదాకా వచ్చింది. ఆరేళ్ళుగా అక్కడే ఉంది అది. మింగేశాను. ట్రక్కులో కూర్చోమన్నాను, కూర్చుంది. "మీ అమ్మ వస్తువుల్లో నువ్వేం ఉంచుకునేదానివి?" అని అడిగాను.

చెప్పింది. నీలం కోటు. వంటల డబ్బా, అందులో చేపల పులుసు కాగితం మీద నూనె మరక ఉంటుందట. బొత్తాల సీసా. చెవి విరిగిన కప్పు. దువ్వెన, అందులో వెంట్రుకలు ఉండగానే. ఒక్కొక్కటి చెప్పి ఆగేది. ఆగినప్పుడల్లా "ఇంకా?" అన్నాను. కుట్టుమిషను సొరుగులో సగం కుట్టిన గౌను ఉందట, అది మార్నా కొలతలకేనట. నేను ఆ సొరుగు తెరవను కూడా తెరవలేదు. వాటిల్లో ఒక్కటీ నా దగ్గర లేదు, ఒక్కటీ తెచ్చి ఇవ్వలేను. వినడమే. ఎదురుగా ఖాళీ మైదానం, ఎవరూ లేరు. ఎంతసేపు చెప్పిందో, నేను గడియారం చూడలేదు. చివరికి "అంతే" అంది. తలుపు తీసుకుని దిగింది. దిగి, "ఆదివారం భోజనానికి రా" అంది.

ఎన్నింటికి రావాలని అడిగాను. పన్నెండున్నరకంది. ఏం తేవాలని అడిగాను. ఏమీ వద్దంది. ఏమీ పట్టుకెళ్ళలేదు. గుమ్మంలో నిలబడితే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

దాని వంటింట్లో రెండే కుర్చీలు. ఒకదాని మీద పత్రికలు, పశువుల మందుల పెట్టెలు పేరుకుపోయి ఉన్నాయి. ఎన్నేళ్ళుగా ఎవరూ కూర్చోలేదో. అవన్నీ తీసి నేల మీద పెట్టి నాకు చోటిచ్చింది. పంది మాంసం ముక్కలూ, ఉడికించిన మొక్కజొన్నా పెట్టింది. ఎక్కువ మాట్లాడుకోలేదక్కా, నీకు అబద్ధం రాయను. ఫ్రిజ్ మోగుతుంటే విన్నాం. పిచ్చర్‌గా ఎందుకు మారావని అడిగాను. "దగ్గర్నుంచి నువ్వు ఎలా ఉంటావో మర్చిపోయాను" అంది. పళ్ళెం వైపు చూస్తూ అంది. వచ్చే ఆదివారం కూడా రమ్మంది, అదే టైముకి.

ఇంటికెళ్ళగానే అందరికీ రాసేయాలని కోటు తొడుక్కున్నాను. నా సంగతి నీకు తెలుసు, మామూలుగా అయితే రాత్రికి రాత్రే అన్ని ఉత్తరాలూ పోస్టులో వేసేవాణ్ణి. గుమ్మం దాటబోతూ ఆగి, ఎవరెవరికి చెప్పొచ్చని దాన్నే అడిగాను. నీకు చెప్పొచ్చా అని ముందు అడిగాను. నీకు గురువారమే చెప్పేశానంది. అయితే పైనంతా నీకు తెలిసిందే. తెలిసినా మళ్ళీ చదువు, నా వైపు నుంచి కూడా ఉండాలి. తక్కినవాళ్ళ పేర్లు అది చెప్తుంటే నేను రొట్టె కాగితం మీద రాసుకున్నాను. నువ్వు చెప్పాల్సింది వీళ్ళకి:

బావకి, మెలకువగా ఉన్నప్పుడు.

ఫార్గోలో మన తమ్ముడు హారల్డ్‌కి. వాడికి చెప్తే వాడి భార్యకి తెలుస్తుంది, ఆవిడకి తెలిస్తే డకోటా అంతా తెలుస్తుంది. ఆ మాట మార్నాతో అన్నాను. తెలియనీ అంది.

హెడ్విగ్ పిన్నికి. కుడిచెవిలో, గట్టిగా. మార్నా ఎవరో ముందు గుర్తు చెయ్యాలి, ఆర్లిస్ ఎవరో కూడా.

హారల్డ్ కొడుకు వర్జిల్‌కి ఇప్పుడే వద్దంది. ఎందుకని అడిగాను, చెప్పింది. రాయొద్దంది, రాయడం లేదు.

ఆర్లిస్ చెల్లెలు కొరాలీకి మార్నాయే చెప్తుందట, నువ్వు చెప్పకు.

ఇంకెవరికైనా చెప్పాలని నీకు అనిపిస్తే, అక్కా, ముందు దాన్ని అడుగు.

ఆర్విడ్